పల్లీ చెట్టుకు వేలాడదు: నాలుగేళ్ల పిల్లకు తిండి ఎక్కడిదో బొమ్మల పుస్తకంతో చెప్పడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉంటారు, పాపకు నాలుగేళ్లు, బియ్యం ఎక్కడి నుంచి వస్తుందంటే "డెలివరీ అంకుల్ తెస్తాడు" అంటోంది, కూరల్లో బంగాళదుంప తప్ప ఏదీ ముట్టదు. బొమ్మల పుస్తకాలతో పొలం గురించి, తిండి గురించి, పోషకాల గురించి చెప్పొచ్చా, చెబితే ఏవి కొనాలి, ఎలా చదవాలి అని అడిగారు.

చెప్పొచ్చు, బాగానే చెప్పొచ్చు. కాకపోతే పుస్తకం చదివిన రాత్రే బెండకాయ కూర తినేస్తుందని ఆశ పెట్టుకుంటే మాత్రం రెండు వారాల్లో మీకు విసుగొస్తుంది, పాపకు పుస్తకమంటేనే అనుమానం పుడుతుంది. ఒక్క పంట తీసుకోండి. దానికో పుస్తకం. ఆ తర్వాత ఆ వస్తువే పాప చేతిలోకి, అక్కడి నుంచి వంటింట్లోకి, కంచంలోకి అన్నిటికన్నా చివర. ఆ పంట మీ ఇంట్లో వండేదే అయితే మంచిది. ఇంతకు మించి పెద్ద సూత్రమేమీ నా దగ్గర లేదు, కింద రాసేదంతా దీని వెనక ఉన్న కథే.

నేను పందొమ్మిదేళ్లుగా మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు చెబుతున్నాను. మొదట కదిరి దగ్గర మా ఊళ్లో, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రీస్కూల్లో. మాది వేరుశనగ పండించే ఇల్లు. అయినా ఈ విషయంలో నేను చేసిన తప్పు చూడండి.

ఇక్కడికి వచ్చిన కొత్తలో స్కూల్ అల్మారాలో ఒక బొమ్మల పుస్తకం ఉండేది. అందులో పల్లీలు మిరపకాయల్లా కొమ్మలకు వేలాడుతుంటాయి, కింద ఉడుత నోరు తెరుచుకుని చూస్తుంటుంది. బొమ్మ ఎంత ముద్దుగా ఉందంటే అది తప్పని తెలిసీ రెండేళ్లు అలాగే చదివి వినిపించాను, చిన్నపిల్లలకు ఇంత వివరం ఎందుకులే అని. ఒకసారి సెలవులకు ఆ పుస్తకం ఊరికి తీసుకెళ్తే మా నాయన ఆ పేజీ చూసి "ఇదేందిమా, చెనక్కాయ చెట్టెక్కింది" అని వాకిట్లో కూర్చున్న వాళ్లందరికీ చూపించాడు. నవ్వులు అయిపోయాక నాకు తట్టిందేమిటంటే, అసలు సంగతి ఆ బొమ్మ కన్నా వంద రెట్లు తమాషాగా ఉంటుంది, దాన్నే నేను పిల్లలకు చెప్పడం లేదు.

వేరుశనగ పూసేది పైన, కాసేది కింద. మొలిచిన పాతిక ముప్పై రోజులకు చిన్న పసుపుపచ్చ పువ్వు వస్తుంది. అది వాడిపోయాక దాని మొదట్లోంచి సూదిలాంటి ఊడ ఒకటి బయలుదేరి, వంగి, నేల వైపు దిగుతుంది. మట్టిలోకి దూరి చీకట్లోకి వెళ్లాకే దాని కొస కాయగా ఊరుతుంది. నేల గట్టిగా ఉండి ఊడ దిగలేకపోతే అది అక్కడే ఎండిపోతుంది, కాయ లేదు. ఇంతకన్నా మంచి కథ ఎవరు రాయగలరు చెప్పండి!

ఆ ఏడాది జూన్‌లో రెండు పాత బకెట్లకు అడుగున చిల్లులు పెట్టి, ఇసుక కలిపిన మట్టి నింపి, ఒకదాంట్లో పచ్చి పల్లీలు, ఇంకోదాంట్లో వేయించిన పల్లీలు పెట్టించాను. వారం తిరిగేసరికి పచ్చివి మొలిచాయి. వేయించినవి ఎందుకు రాలేదని అడిగితే ఒకడు నిద్రపోతున్నాయన్నాడు, ఇంకొక పిల్ల "కాదు, వాటికి జ్వరమొచ్చింది, వేడి చేసింది కదా" అంది. ఆ పిల్ల చెప్పింది దాదాపు శాస్త్రమే. ఊడలు దిగే రోజుల్లో ఒకమ్మాయి పొట్ట మీద పడుకుని బకెట్ అంచు మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసి, "టీచర్, ఇది మట్టిని పొడుస్తోంది" అని అరిచింది. పాత క్యాలెండర్ కాగితాల వెనక నేను గీసిన ఎనిమిది పేజీల పల్లీ పుస్తకంలో నాలుగో పేజీ మాట అదే, ఆ పిల్లదే. ఉడుత పుస్తకం కూడా ఇంకా అల్మారాలోనే ఉంది. ఇప్పుడు దాన్ని "ఇందులో తప్పేంటో పట్టుకోండి" అని చదువుతాం, పిల్లలకు అంతకు మించిన సరదా లేదు.

ఇక ఏ పుస్తకాలు కొనాలి అన్న సంగతి. పేర్ల జాబితా ఇవ్వను, ఎందుకంటే మీ ఇంట్లో ఏం వండుతారో నాకు తెలియదు. చూసుకోవాల్సినవి చెబుతాను. మొదటిది, బొమ్మలో మొక్క సరిగ్గా ఉందా. రాత రెండు ముక్కలున్నా పర్వాలేదు, నాలుగేళ్ల పిల్ల చదివేది బొమ్మనే. ముల్లంగి ఆకులు, క్యారెట్ ఆకులు ఒకేలా గీసేసిన పుస్తకాలు బోలెడు. రెండోది, అది ఎవరి తిండి. ఎర్ర కొట్టం, తెల్ల కంచె, బ్రోకలీ, గుమ్మడికాయ పక్కన గడ్డిబొమ్మ ఉన్న పుస్తకం కొనకూడదని కాదు, అదొక్కటే ఉంటే మాత్రం తిండనేది ఎక్కడో దూరదేశంలో పండుతుందని పాప అనుకుంటుంది. మా క్లాసులో ఒకసారి "పొలం గీయండి" అంటే ఇరవై మందిలో సగానికి పైగా ఆ ఎర్ర కొట్టమే గీశారు, ఒక్కరూ గట్టు గీయలేదు. మూడోది, పొలంలో ఎవరున్నారు. చాలా పుస్తకాల్లో రైతు అంటే తలపాగా, మీసాలు, కాడెద్దులతో ఒక తాతయ్య. మన వైపు నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లు, దున్నేది ట్రాక్టరు. అవి కనిపించే పుస్తకం దొరికితే వదలకండి.

ఎక్కడ దొరుకుతాయంటే, డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. తెలుగులో చాలా బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు, చదివే స్థాయిని బట్టి విడివిడిగా పెట్టారు. నాలుగేళ్లకు ఒకటో స్థాయి, మహా అయితే రెండు. కొనేదైతే హైదరాబాద్‌లోనే మంచి పుస్తకం ప్రచురణలు, చెన్నై తూలిక వాళ్ల తెలుగు పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి చూడండి, ధరలు కూడా అందుబాటులోనే ఉంటాయి. ఫోన్‌లో చూపించొద్దు, ప్రింటే తీయండి. పేజీ వెనక్కి తిప్పడం, బొమ్మ మీద వేలు పెట్టడం, పాలకూర పేజీ మీద పప్పు మరక పడటం, ఇవన్నీ కావాలి.

వరి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ పాప "డెలివరీ అంకుల్" జవాబు దాని గురించే. మనకు ఒకే వస్తువుకు నాలుగు పేర్లు: పొలంలో వరి, కల్లంలో వడ్లు, బస్తాలో బియ్యం, కంచంలో అన్నం. ఇంగ్లీషులో ఎక్కువగా ఒక్క మాటతోనే సరిపెడతారు కాబట్టి అక్కడి నుంచి దిగిన పుస్తకాల్లో "పొలంలో బియ్యం పండింది" అని రాసేస్తారు. పిల్లలకు అది అర్థం కాదు, కావాల్సిన పని లేదు కూడా. మీరు చదివేటప్పుడు నోటితో మార్చి చదవండి. ఈ నాలుగు పేర్లే ఒక కథ. నాలుగు చిన్న గిన్నెలు తీసుకుని వరి కంకి, గుప్పెడు వడ్లు, బియ్యం, అన్నం పెట్టి పుస్తకం పక్కన ఉంచితే చాలు, సగం పాఠం అయిపోయింది. కంకి, వడ్లు ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి. పిచ్చుకల కోసం గుమ్మానికి కట్టే వరి కుచ్చు దొరికినా సరిపోతుంది.

వడ్లు చేతికిచ్చి గోటితో పొట్టు వలవమనండి. మా దగ్గర ఐదేళ్ల పిల్లాడు పావుగంటలో పదకొండు గింజలు వలిచాడు, అందులో మూడు విరిగాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తన డబ్బా వంక చూసి, "మరి ఇదంతా ఎవరు వలిచారు?" అని అడిగాడు. అక్కడ మర గురించి చెప్పాను, దానికి ముందు రోలు, రోకలి, చాట గురించి చెప్పాను, మర్నాడు వాళ్ల నాయనమ్మను పిలిపిస్తే ఆవిడ చాటతో చెరిగి చూపించింది. పొట్టు ఎగిరి పక్కకు పడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్లాడి ప్రశ్న వచ్చేదాకా నేను మర పేజీ తెరవలేదు, అది గమనించండి. పుస్తకం మొత్తం ఒక్క కూర్చోవడంలో పూర్తి చేయాలన్న రూలేమీ లేదు.

ఇప్పుడు పోషకాలు. ఇక్కడే పెద్దవాళ్లం ఎక్కువ తప్పులు చేస్తాం.

"ఇది తింటే బలం వస్తుంది" అన్న పుస్తకాలు పక్కన పెట్టండి. మా క్లాసులో ఒకడు అలాంటి కథ విని రెండు చెంచాల పాలకూర పప్పు తిని, లేచి వెళ్లి టేబుల్ ఎత్తబోయాడు. అది కదలలేదు. "టీచర్, పుస్తకం అబద్ధం" అని తేల్చేసి మళ్లీ నెల రోజులు పాలకూర ముట్టలేదు. నవ్వొచ్చినా వాడి లాజిక్‌లో తప్పేమీ లేదు. 2014లో అమెరికాలో అయిలెట్ ఫిష్‌బాక్, మికాల్ మైమరాన్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఇదే చూశారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఒక పాప బిస్కెట్లో క్యారెట్లో తినే బొమ్మల కథ చదివారు. కొందరికి ఆ తిండి మేలు చేస్తుందని, దానివల్ల ఏదో ఒకటి సాధించొచ్చని చెప్పారు, కొందరికి ఏ కారణమూ చెప్పలేదు. కారణం విన్న పిల్లలే తక్కువ తిన్నారు. మందులా పనికొచ్చేది రుచిగా ఉండదని వాళ్లే తేల్చుకున్నట్టున్నారు.

అయితే పోషకాల మాటే ఎత్తకూడదా? అలా కాదు. దానికి ఒక ఏడాది ముందు, 2013లో, స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో బడికి వెళ్లబోయే వయసు పిల్లలకు ఐదు చిన్న కథల పుస్తకాలతో చెప్పి చూశారు: తిండి పొట్టలో ఎలా కరుగుతుంది, అందులో కంటికి కనిపించని చిన్న చిన్నవి ఏముంటాయి, అవి రక్తంతో ఒళ్లంతా ఎలా తిరుగుతాయి, ఒకే రకం తింటే ఎందుకు చాలదు అని. ఆ పిల్లలు స్నాక్ టైంలో తమంతట తాము తీసుకునే కూరగాయలు రెండింతలకు పైగా పెరిగాయి. తేడా మీకు కనిపిస్తోందా? మొదటిదాంట్లో అమ్మకం ఉంది, రెండోదాంట్లో నిజమైన వివరణ ఉంది. పిల్లలకు ఆ వాసన ఇట్టే తెలిసిపోతుంది.

నేను చెప్పే తీరు ఇదీ. పొట్ట బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగి, "నువ్వు పొద్దున తిన్న రాగి జావ ఇప్పుడు ఎక్కడుందో" అని అడుగుతాను. కాల్షియం అన్న మాట ఐదేళ్ల లోపు నేను వాడను, "ఎముకకు కావాల్సిన సరుకు" అంటాను. పెద్దవాళ్లుగా మీకు మాత్రం అంకె తెలిసి ఉండాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, భోజనం వెంటనే టీ తాగితే తగ్గుతుంది. ఇవి మీరు వంటలో పాటించండి, నిమ్మకాయ పిండే పని పాపకివ్వండి, అంతకన్నా ఉపన్యాసం వద్దు.

బంగాళదుంప తప్ప ముట్టదన్నారు కదా. ఆమెకు పడని బెండకాయతో మొదలుపెట్టకండి. తెలిసి అసహ్యించుకునేదాని కన్నా అసలు తెలియనిదానితో పుస్తకం బాగా పనిచేస్తుంది. ఇది నా అనుభవం, ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లకూ ఇదే కనిపించింది. రెండేళ్లకు అటూ ఇటూ వయసు పిల్లలకు తల్లిదండ్రులు రెండు వారాల పాటు రోజూ ఒక కూరగాయ పుస్తకం చూపిస్తే, ఆ ప్రభావం అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది అప్పటిదాకా పిల్లలకు పరిచయం లేని వాటి మీదే. కాబట్టి బచ్చలి, పొన్నగంటి, చిలగడదుంప లాంటి వాటిలో మీ ఇంటికి ఇంకా రానిది ఏదైనా ఎంచుకోండి. చిలగడదుంప అయితే ఇంకా సులువు, బంగాళదుంపకు చుట్టమని చెప్పుకోవచ్చు (మొక్కల లెక్కలో దగ్గరి చుట్టాలు కావు సుమా, రెండిటివీ వేర్వేరు కుటుంబాలు, బంగాళదుంప మట్టిలో ఊరిన కాండం, చిలగడదుంప ఊరిన వేరు).

ఫ్లాట్‌లో ఉన్నామని బాధపడకండి. పుస్తకం చంకన పెట్టుకుని రైతు బజారుకు వెళ్లండి. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, ఏది దగ్గరైతే అది. ఉదయం తొందరగా వెళ్తే ఆకులతో ఉన్న ముల్లంగి, మట్టి అంటిన దుంపలు దొరుకుతాయి. పుస్తకంలో బొమ్మ చూపించి "ఇది ఎక్కడుందో పట్టుకో" అంటే అరగంట మీకు ఏ గొడవా ఉండదు. అమ్మే ఆవిడను "ఇది మీ పొలందేనా అమ్మా?" అని పాపతోనే అడిగించండి. ఒకావిడ మా పిల్లలకు గోంగూర కట్ట విప్పి ఎర్ర కాడ, తెల్ల కాడ తేడా చూపించి, ఏది ఎక్కువ పులుపో నమిలించి మరీ చెప్పింది. ఆ రోజు క్లాసులో నేను మళ్లీ నోరు విప్పాల్సిన పని లేకపోయింది.

సొంత పుస్తకం కూడా చేయండి, దానికి బొమ్మలు గీయడం రానక్కర్లేదు. ఫోన్‌తో ఎనిమిది ఫొటోలు: బజార్లో కట్ట, పాప చేతిలో కట్ట, ఆకులు గిల్లడం, కడగడం, బాణలి, రోలు లేదా మిక్సీ, అన్నంలో ముద్ద, ఖాళీ కంచం. కింద ఒక్కో వాక్యం, అది పాప నోటి నుంచి వచ్చిందే రాయండి. చివరి ఫొటోలో కంచం ఖాళీ కాకపోతే కాలేదనే పెట్టండి. "నాకు నచ్చలేదు" అని ముగిసే గోంగూర పుస్తకం మా దగ్గర ఒకటుంది, అదే అన్నిటికన్నా ఎక్కువ నలిగిపోయింది.

కొన్ని జాగ్రత్తలు, ఇవి మాత్రం సీరియస్‌గా తీసుకోండి.

విత్తనాలు వంటింటి డబ్బాల నుంచే తీసుకోండి. ఎరువుల దుకాణంలో అమ్మే విత్తనాలకు చాలావాటికి మందు పట్టించి ఉంటుంది, గులాబీ రంగో నీలం రంగో కనిపిస్తే అదే. పిల్లలకు ముట్టుకోనివ్వకూడదు. గింజలతో బొమ్మలు చేయించేటప్పుడు ఆముదం గింజలు, గురివింద గింజలు అసలు తేవద్దు, చూడ్డానికి ఎంత అందంగా ఉంటాయో అంత విషం. పల్లీలు, శనగలు చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి, ముక్కులో కూడా దూర్చుకుంటారు, అందుకని గింజల పని మీరు పక్కన కూర్చున్నప్పుడే.

"రైతు ఎంత కష్టపడ్డాడో చూడు, అన్నం వదిలితే పాపం" అన్న చోట పుస్తకాన్ని తీసుకెళ్లకండి. కడుపు నిండిన పిల్లను ఏడిపించి తినిపించడానికే అది పనికొస్తుంది. అలాగే చిప్స్‌కు కోరలు పెట్టి రాక్షసుడిలా గీసిన పుస్తకాలు. ఒకసారి అలాంటిది చదివాక, డబ్బాలో చిప్స్ తెచ్చుకున్న పిల్ల పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ పుస్తకం నేనే తెచ్చాను, నేనే తీసేశాను. గుడ్డు, చేప, మాంసం విషయంలోనూ అంతే. ఒకే గదిలో గుడ్డు కూడా తినని ఇళ్ల పిల్లలు, అన్నీ తినే ఇళ్ల పిల్లలు ఉంటారు. "వాళ్లింట్లో అది తింటారు, మనింట్లో ఇది" అన్నంత వరకు చాలు. కోడి ఎక్కడి నుంచి వచ్చిందని పాప అడిగితే అబద్ధం చెప్పకండి, అడగనిదే కత్తి దాకా వెళ్లకండి.

ఊరికి ఎప్పుడు తీసుకెళ్లాలని చివర్లో అడిగారు. నాట్లు చూడాలంటే జూలై, ఆగస్టుల్లో. సంక్రాంతికే వీలవుతుందంటే కూడా ఫర్వాలేదు, నీళ్లున్న చోట రెండో పంట నాట్లు అప్పుడు పడుతుంటాయి. వేరుశనగ పీకడం చూడాలంటే మా వైపు అక్టోబరు, నవంబరు. వెళ్లేముందు వారం రోజులు ఆ పంట పుస్తకం చదవండి, అక్కడ మాత్రం సంచిలోంచి తీయకండి. అక్కడ బురద ఉంటుంది, అది చాలు.

ఈ ఆదివారమే మొదలుపెట్టాలనుంటే కిరాణా కొట్లో వేయించని పల్లీలు గుప్పెడు అడగండి, గింజ పగలకుండా, పొర ఊడకుండా ఉన్నవి ఎనిమిది ఏరండి. ఐదారు గంటలు ఎండ తగిలే చోట బకెట్, మట్టి వదులుగా, గింజలు రెండంగుళాల లోతున. నాలుగే చాలు నిజానికి. కానీ మీ పాప రేపు పొద్దున్నే ఒకటి తవ్వి చూస్తుంది, ఎల్లుండి ఇంకోటి. చూడనివ్వండి, ఎనిమిది పెట్టమన్నది అందుకే.